ఎర్ర బల్బు

దేవరకొండ బస్సు డిపో ఎనక, టైర్ల షాపు పక్కన
బుచ్చిరాములు అంబాసిడర్ ఆపిండు గని దిగలేదు.
ఇంజన్ బందు చేస్తే మళ్ల లేస్తదో లేదో అని
కిటికీలకెళ్లి తల బయటవెట్టి
"ఎర్ర బల్బు ఆరుతలేదు ఉస్తాద్" అన్నడు,
ఇంట్ల ఎవరికో జరం తగ్గుతలేదన్నట్టు.

ఇరవై రెండేండ్లు ఆ బండి తాసీల్ ఆఫీసుది.
తోలింది ఆయన, ఎనక కూసున్నోళ్లు మారిండ్రు.
పాత ఇనుము కింద వేలం పాడితే
పింఛను పైసలు కట్టి ఇంటికి తెచ్చుకున్నడు.
ఇప్పుడు ముందు సీటూ ఆయనదే, ఎనక సీటూ ఆయనదే.
ఎనక మాత్రం ఇంకా కూసోలేదట.

పోయిన నెల హాలియాల రంగేయించిండు. మీగడ తెలుపు.
బానెట్ ఎత్తితే లోపట గూడ మీగడే,
స్క్రూల నెత్తిన గూడ మీగడే.
"చెయ్యి తుడుసుకొని ముట్టు" అన్నడు నన్ను.

బెల్టును బొటనేలుతో ఒత్తిన. అరంగుళం దిగింది, చాలు.
బ్యాటరీ మూతుల మీద పచ్చటి బూజు
ఉడుకునీళ్లు పోసి కడిగిన.
లక్‌పతి, చందంపేట దిక్కు తండా పిలగాడు,
అప్పుడే తీర్పు చెప్పిండు: "డైనమో కాలింది."
పదిహేడేండ్ల వయసుకు అన్నీ కాలినట్టే కనవడ్తయి.

దస్తగీర్ ఉస్తాద్ నాకు చెప్పిన మాటే వానికి చెప్పిన:
ఇప్పేముందు అడగాలె.
పెద్ద వైరు, చిన్న వైరు పీకి
డైనమో మూతికాడ రెంటినీ ఒక్కటి చేసినం.
మీటరుది ఒక కాలు ఆడ, ఒక కాలు ఇనుము మీద.
ఇంజను మెల్లగ గురకవెడ్తుంటే
ముల్లు పది దాటింది, పద్నాలుగు దాటింది,
పద్దెనిమిది కాడ నేనే "చాలు చాలు" అన్న.
ముసల్ది పొయ్యి మంచిగనే రాజేస్తున్నది.
వంట అయితున్నది, వడ్డన అయితలేదు.

ఇగ వైర్ల ఎంటవడి పోయినం.
గుడ్డ తొడుగులు, ఎలుక పండ్లు,
ఒక కాడ సైకిల్ ట్యూబు ముక్క, ఒక కాడ దవఖాన ప్లాస్టరు.
బుచ్చిరాములు ఒక్కో ముడిని పేరువెట్టి పిలిచిండు:
ఇది ఎలక్షన్ డబ్బాలు తెస్తున్న రాత్రిది,
ఇది డిండి వాగు ఒడ్డున
సారు గొడుగు కింద నిలవడితే
నేను వానల నిలవడి పండ్లతో కొరికి చుట్టింది.
అన్నీ గట్టిగనే ఉన్నయి.
ఆయన ముడి ఒక్కటి గూడ ఊడలేదు.

చివరికి కటౌట్ డబ్బ మూత తీసినం.
ఇంజను ఎంత రంకెలేసినా
పాయింట్లు నోరు తెరుసుకునే ఉన్నయి.
అగ్గిపుల్లతో ఒత్తిన, ఆంపియర్ ముల్లు ఎగిరింది.
పుల్ల తీసిన, పడ్డది.
దీనికి సత్తువ లేక కాదు, కాలూన జాగ లేదు.

కింద నల్ల వైరు. ఎర్త్.
బాడీకి బిగిచ్చిన కాడ కత్తిమొనతో గీకితే
పొరకు పొర మీగడ లేచింది.
ఇనుము తాకకుంట, రంగు మీద బిగిచ్చిండ్రు.

"గీకుడేనా?"
"రూపాయి బిళ్లంత."
ఆయన ఖిల్లా గుట్ట దిక్కు మొకం తిప్పుకున్నడు.
గరుకు కాయితం చప్పుడు ఆయన భుజాలకు ఇనవడ్తున్నది.

బిగిచ్చి, చాబి తిప్పి, కాలు కొంచెం ఒత్తిన.
బల్బు ఎప్పుడు ఆరిందో ముగ్గురం చూడలే.
లేదని తెలిసినంక చూసినం.

లక్‌పతి రంగు డబ్బ కోసం లేచిండు.
"అద్దు. గ్రీజు రుద్ది ఇడిసిపెట్టు" అన్నడు బుచ్చిరాములు.
నూటాయాభై ఇచ్చిండు, చాబి గూడ ఇచ్చిండు.
"మల్లేపల్లి చౌరస్తా దాక నువ్వే తోలు, చూద్దాం" అని
ఎనక తలుపు తీసి
కూసునేముందు సీటు చేత్తో దులుపుకున్నడు.

చీకటి వడ్డది. హెడ్‌లైట్లు వేసిన.
రెండో గేరుల బండి గుంజుతుంటే అద్దంల చూసిన.
ఆయన ఎడమ చెయ్యి గాలిల
మూడో గేరు ఏస్తున్నది.